కొండ పోయేది కింద నుంచే

2025 నవంబరులో ఆరావళి కొండల మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక మా ఊరి వాట్సాప్ గ్రూపులో కొన్నాళ్ళు అదే గోల. చుట్టుపక్కల నేల కంటే కనీసం 100 మీటర్లు ఎత్తుంటేనే ఆరావళి కొండ అన్న నిర్వచనానికి కోర్టు సరేనంది. ఉత్తరాదిలో పెద్ద గొడవైంది. డిసెంబరు నెలాఖర్లో కోర్టే మళ్ళీ ఆ నిర్వచనాన్ని పక్కన పెట్టింది. ఈలోగా మా కుర్రాళ్ళు ఫోన్లో ఎత్తు కొలిచే యాప్ వేసుకుని ఊరి కొండెక్కారు. వంద రాలేదట. "మనది కొండ కాదర్రా, దిబ్బ" అని ఒకడు ఫొటో పెడితే ఊరంతా నవ్వింది.

నవ్వులకేం గానీ, ఆ చర్చంతా ఎత్తు చుట్టూనే తిరగడం నాకు మింగుడుపడలేదు. కొండ పైకి ఎంతుందని అందరూ కొట్టుకున్నారు. కింద ఎక్కడ మొదలవుతుందని ఒక్కరూ అడగలేదు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో కొండలకి ముప్పు తల దగ్గర లేదు, పాదం దగ్గర ఉంది. ఊరి చివరి మడికీ కొండ మీద మొదటి బండకీ మధ్య ఒక వాలు నేల ఉంటుంది. గరువులు (మెట్టచేలు), జీడితోటలు, నాలుగు చింతలు, గెడ్డ (వాగు) పుట్టే చోటు, మేకలు తిరిగే తుప్పలు, అన్నీ అక్కడే. ఆ నేల పోయాక పైన ఎంత పచ్చగా కనిపించినా, కొండని నమ్ముకుని బతికే జీవాలకి అది ఉత్త బొమ్మే. చాలాకాలంగా నాలో నలుగుతున్న ఈ మాటకి ఒక మ్యాపు చూశాక రూపం వచ్చింది.

మార్కుల మ్యాపు

స్నేహితుడి కూతురు విశాఖలో పర్యావరణ శాస్త్రం చదువుతోంది. ప్రాజెక్టు కోసం మా వైపు కొండలకి హాబిటాట్ క్వాలిటీ మ్యాపు వేసి తెచ్చింది. ఏ చోటు జంతువులకీ పిట్టలకీ మొక్కలకీ ఎంత మేరకు నివాసంగా పనికొస్తుందో సున్నా నుంచి ఒకటి దాకా మార్కులేసి, ఆ మార్కుల్ని రంగులుగా చూపించే మ్యాపు అది. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో పుట్టిన ఇన్‌వెస్ట్ అనే సాఫ్ట్‌వేర్‌తో చేస్తారు. డబ్బులు కట్టక్కర్లేదు, ఎవరైనా దించుకోవచ్చు. కొండల పక్కన పట్నాలు పెరుగుతున్న దేశాల్లో పరిశోధకులు దీన్ని బాగా వాడుతున్నారు.

ఆ పిల్ల ఓపిగ్గా చెప్పాక పద్ధతి అర్థమైంది. శాటిలైట్ బొమ్మని గళ్ళుగా విడగొడతారు. ల్యాండ్‌శాట్ బొమ్మయితే ఒక్కో గడి 30 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు. ఏ గడిలో అడవి, ఏ గడిలో తుప్పలు, పొలం, ఇళ్ళు అన్నది తేలుస్తారు. అడవికి ఎక్కువ మార్కులు, ఇళ్ళకి సున్నా. ఆ తర్వాత ఊరు, రోడ్డు, క్వారీ లాంటివాటిని ముప్పులుగా రాసుకుని, ఏ ముప్పుకి ఎంత బలం, దాని దెబ్బ ఎంత దూరం పోతుంది అని ఒక పట్టిక నింపుతారు. దూరం జరిగేకొద్దీ దెబ్బ తగ్గుతుంది. అడవి మీద పడే దెబ్బ వేరు, తుప్పల మీద పడే దెబ్బ వేరు కాబట్టి దానికీ ఒక లెక్కుంది. పాతికేళ్ళ కిందటి బొమ్మకీ ఇప్పటి బొమ్మకీ ఇదే లెక్క కట్టి పక్కపక్కన పెడితే, పట్నం పెరిగి ఎక్కడ ఎంత తినేసిందో కనిపిస్తుంది.

ముప్పు దాని హద్దు దాటి పోతుందని ఒప్పుకోవడం నాకు బాగా నచ్చింది. మన రెవెన్యూ లెక్కలో సర్వే నంబరు గట్టు దాటితే ఇంకేమీ ఉండదు. గ్రావెల్ (ఎర్ర కంకర) తవ్వే లీజు నాలుగెకరాలైతే నష్టం కూడా నాలుగెకరాలే. దుమ్ము, టిప్పర్ల మోత, రాత్రిపూట ఫ్లడ్ లైట్లు ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పటం) చూసుకుని గట్టు దగ్గర ఆగిపోవు కదా.

మరి మ్యాపులో ఏం కనిపించింది? కొండ తల ముదురాకుపచ్చ, నడుం లేతాకుపచ్చ, పాదం పసుపు, ఊరు ఎరుపు. చూడగానే "పోన్లే, పైన బానే ఉంది" అనిపించింది. అలా అనిపించడమే ప్రమాదం. కొండలున్న చోట ఎక్కడ వేసినా మ్యాపు ఇంచుమించు ఇలాగే వస్తుంది, ఎందుకంటే మనిషి ఇల్లు చదునులో కడతాడు. వాలు పెరిగేకొద్దీ పునాది ఖర్చు, నీళ్ళ ఖర్చు, రోడ్డు ఖర్చు పెరుగుతాయి. తల పచ్చగా మిగిలింది మనం కాపాడినందుకు కాదు, అక్కడికి మనం ఇంకా ఎక్కలేదు కాబట్టి.

ఆ ముదురాకుపచ్చలో ఏముందో నాకు తెలుసు, చిన్నప్పటి నుంచీ ఎక్కుతున్న కొండే. బండల మధ్య సీతాఫలం తుప్పలు, లంటానా, ఉగాది నాటికి ఎండిపోయే బోద గడ్డి, బండ నెర్రెల్లో వేళ్ళు దించుకున్న ఒకటీ అరా చెట్లు. మట్టి జానెడు కూడా ఉండదు. వైశాఖంలో నీటిచుక్క దొరకదు. మట్టీ, నీళ్ళూ, పండ్లూ అన్నీ కిందికి జారినవే. తలదాచుకోడానికి బండల సందులు పైనున్నాయి, తిండి కిందుంది. మ్యాపు మార్కులన్నీ బండల సందుకి వేసి, తిండి దొరికే చోటికి పాస్ మార్కులు కూడా వెయ్యలేదు.

ఇదే మాట ఆ పిల్లతో అంటే, "అలా అయితే కింద తుప్పలకి ఎక్కువ మార్కులేసి మళ్ళీ చేయొచ్చు అంకుల్" అంది. మరి ఈ మార్కులు ఎక్కణ్ణుంచి వస్తాయని అడిగాను. నిపుణుల అభిప్రాయం, పాత పేపర్లు అంది. మన కొండల మీద పేపర్లున్నాయా అంటే, దగ్గరగా పోలిక ఉన్నవి చూసి వేస్తామంది. తన తప్పేం లేదు, ఉన్న పద్ధతి అంతే. అంకెలు అరువు తెచ్చుకున్నా లెక్క తెగుతుంది, అదీ మూడు దశాంశాల దాకా.

ఎలుగులు కిందికెందుకొస్తాయి

ఎలుగుబంటి తోటలోకి వస్తే పేపర్లో "అడవి విడిచి జనావాసాల్లోకి" అని వేస్తారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎవరినైనా అడిగి చూడండి, ఆ మాట ఒప్పుకోరు. మందస, పలాస వైపు కొండల్లో ఉండే ఎలుగులు జీడిమామిడి, పనస పండే రోజుల్లో కింద తోటల్లోకి దిగడం తాతల నాటి నుంచీ ఉన్నదే. చెదపురుగులు, తేనె, రాలిన పండు, వాటి తిండి అదే. పొద్దు పోయాక తోటవైపు వెళ్ళకపోవడం, వెళ్తే పాట పాడుకుంటూనో కర్రతో చప్పుడు చేస్తూనో వెళ్ళడం అక్కడి పెద్దలకి అలవాటు. పగలు మనిషిది, రాత్రి ఎలుగుది.

2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగు దాడిలో ఒకరు చనిపోయారు, ఆ వెంటనే మరికొందరు గాయపడ్డారు. పట్టుకున్న ఎలుగు కూడా చచ్చిపోయింది. మనిషి పోయిన ఇంటి వాళ్ళ ముందు నిలబడి "అది దాని దారండీ" అని నేననలేను. అలాగని కిందికి దిగడమే ఎలుగు తప్పన్నట్టు మాట్లాడటం కూడా సబబు కాదు. దిగడం ఎప్పుడూ ఉంది. మారింది ఏమిటంటే, అది దిగే నేల. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం తోటల్ని నేలమట్టం చేసింది. కొబ్బరి, జీడి, పనస, ఏదీ మిగల్లేదు. మళ్ళీ నాటిన తోటలు ఎదిగేలోగా మధ్యలో రోడ్లు, షెడ్లు, ఇళ్ళు, లైట్లు వచ్చాయి. మునుపు మనిషికీ ఎలుగుకీ మధ్య ఉన్న తెర చిరిగి పీలికలైంది.

దీనికి ఒక ఎదురువాదం ఉంది, తీసిపారేసేది కాదు. తోటలే ఎలుగులకి అలవాటు చేశాయి, జీడిపండు రుచి చూపించి కిందికి లాక్కొచ్చాయి, తోటలు లేకపోతే అవి పైనే ఉండేవి అని కొందరంటారు. కొంత నిజమే అయ్యుండొచ్చు. కానీ తోటలకి ముందు ఆ నేలలో ఉన్నదేమిటి? నేరేడు, తునికి, వెలగ, రేగు. అప్పుడూ దిగేవే. మనం పండు మార్చాం, అంతే.

2022 వర్షాకాలంలో విజయనగరం జిల్లాలో పులి తిరిగిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఇవాళ ఒక మండలంలో ఆవుని చంపితే, నాలుగు రోజుల తర్వాత ఇంకో మండలంలో అడుగులు కనిపించేవి. జనం సాయంత్రం కల్లాలకి పోవడం మానేశారు. అంత పెద్ద జంతువు ఇంత జనమున్న జిల్లాలో ఎవరి కంటా సరిగా పడకుండా వారాల తరబడి ఎలా తిరిగింది? గాల్లో ఎగరలేదు కదా. చిన్న చిన్న కొండలు, మధ్యలో నీలగిరి తోటలు, మొక్కజొన్న చేలు, గెడ్డల పక్క తుప్పలు పట్టుకుని ఒక కొండ నుంచి ఇంకో కొండకి దాటుకుంటూ పోయి ఉంటుందని నా ఊహ. ఊళ్ళో వాళ్ళు దిబ్బ అని నవ్విన వంద మీటర్లు లేని కొండ దానికి పగటిపూట పడక. ఒక్కో కొండ చుట్టూ ప్రహరీ గోడ పడుతూ వస్తే, కొండలన్నీ ఉంటాయి, వాటి మధ్య దారి ఉండదు. ఏనుగుల మాట చెప్పనే అక్కర్లేదు. 2023 మేలో పార్వతీపురం మన్యం జిల్లా భామిని మండలంలో కరెంటు తగిలి నాలుగు ఏనుగులు ఒకేసారి చనిపోయాయి, కొండ మీద కాదు, పొలాల్లో.

ఎర్ర కంకర

మన కొండలు ఎక్కువగా ఖొండలైట్ రాయి. తూర్పు కనుమల్లో ఉండే కోందుల పేరే ఆ రాతికి పెట్టారు. గ్రానైట్‌లా మొండిది కాదు, ఎండకీ వానకీ పైపొర మెత్తబడి ఎర్రగా పొడుం పొడుంగా ఊడుతుంది. ఊడినదాన్ని వాన కిందికి ఈడ్చి పాదం చుట్టూ పేరుస్తుంది. వేల ఏళ్ళుగా పేరుకున్న ఆ మెత్తటి ఒడ్డే వాన నీటిని తాగి, నెలల తరబడి కొంచెం కొంచెంగా గెడ్డలోకీ బావుల్లోకీ వదులుతుంది. కొండ కింద ఊళ్ళలో మాఘమాసం దాకా బావుల్లో నీళ్ళుండేది అందుకే.

ఆ ఒడ్డునే మనం గ్రావెల్ అంటున్నాం. రోడ్డు కట్టడానికీ, లేఅవుట్ మెరక చెయ్యడానికీ ఇంతకంటే చవకైన సరుకు లేదు. మందు పెట్టి పేల్చే పని లేదు. ఒక పొక్లెయిన్, నాలుగు టిప్పర్లు ఉంటే తెల్లారేసరికి అయిపోతుంది. కాబట్టి కొండని తవ్వడం ఎప్పుడూ పాదంతోనే మొదలవుతుంది. రాయి కావలసినవాడు పైకి పోతాడు. టెక్కలి వైపు నీలి గ్రానైట్ కోసం అదీ జరుగుతోంది, కానీ అది వేరే కథ.

మా ఊరికి రెండు ఊళ్ళ అవతల ఒక గ్రావెల్ కటింగ్ ఉంది. పోయిన కార్తీకంలో చూడ్డానికి వెళ్ళాను. రెండు నిలువుల ఎత్తున ఎర్రగోడ, ఇంకా తడిగా ఉంది. అంచున ఒక చింతచెట్టు, సగం వేళ్ళు గాల్లో. ఆకు ఇంకా వాడలేదు, కాయ కూడా ఉంది. గోడకి అడ్డంగా పలచటి నల్లగీత ఉంది. అదే మట్టి, మొక్క వేళ్ళు దిగేంత మేర. అంత ఎత్తు గోడలో ప్రాణమున్న పొర మోచేతి పొడవు కూడా లేదు. కింద గోతిలో వాననీళ్ళు నిలిచి ఉన్నాయి, ఒడ్డున పిల్లల చెప్పులు. ఈత నేర్చుకుంటున్నారట. నాకు టెన్షన్ పట్టుకుంది, అక్కడున్న డ్రైవర్ మాత్రం "ఏటీ అవదులెండి" అన్నాడు.

ఫొటోలు తీసే మిత్రుడొకడు అదే గోడని చూపించి నాతో వాదించాడు. ఆ మెత్తటి గోడలో పచ్చటి తేనెటీగపిట్టలు బొరియలు చేసుకుని పిల్లల్ని పెట్టాయి. చక్కటి ఫొటోలు. "ప్రకృతి సర్దుకుంటుంది, మీకే కంగారు" అన్నాడు. నిజంగానే అవి సర్దుకున్నాయి, ఆ పిట్టలు గోడల్లో గూళ్ళు పెట్టేవే. నెమళ్ళు కూడా మా వైపు బాగా పెరిగాయి, కోతుల సంగతి సరేసరి. మనిషి పారేసినదాంతో బతకగల జీవాలు పెరుగుతున్నాయి, కాదనను. కానీ ఒళ్ళంతా పొలుసులుండే అలుగు (పాంగొలిన్) గోడలో బొరియ పెట్టుకోదు, దానికి చీమలూ చెదలూ ఉండే మట్టి కావాలి. ఉడుము, ముళ్ళపంది, చెవులపిల్లి కూడా ఆ కోవలోవే. చిన్నప్పుడు రోజూ కనబడ్డ చెవులపిల్లిని నేను చూసి ఏళ్ళయింది. ఎన్ని జాతులు కొత్తగా చేరాయన్న లెక్కతో పాటు, ఏవి మాయమయ్యాయో కూడా చెప్పాలి కదా.

ఇక్కడ చట్టం కూడా కొన్నాళ్ళు కళ్ళు మూసుకుంది. రోడ్లు, పైపులైన్ల పనులకి మట్టి తవ్వితే పర్యావరణ అనుమతి అక్కర్లేదని 2020 మార్చి 28న, లాక్‌డౌన్ మొదలైన మూడు రోజులకే కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. సుప్రీంకోర్టు దాన్ని 2024 మార్చిలో కొట్టేసింది. మధ్యలో నాలుగేళ్ళు. మన వైపు పెద్ద పెద్ద పనులు మొదలైంది ఆ కాలంలోనే. రాయ్‌పూర్ నుంచి విశాఖకి 464 కిలోమీటర్ల ఆరు వరసల రోడ్డు సాలూరు మీదుగా మన జిల్లాని దాటుతోంది. భోగాపురం విమానాశ్రయానికి 2023 మేలో శంకుస్థాపన జరిగింది. ఇవి వద్దనే మనిషిని కాను. వలస తప్ప ఇంకో దారి తెలియని జిల్లా మనది, పక్కనే ఉద్యోగం దొరికితే ఎవరికి చేదు? నా కొడుకూ హైదరాబాదులోనే ఉన్నాడు. అయితే, రోడ్డు వేసే అంచనాలో సిమెంటుకి ధర ఉంది, ఇనుముకి ధర ఉంది, కొండ పాదానికి మాత్రం టిప్పరు కిరాయే ధర.

కొండ కనిపించే ప్లాట్లు

మా తోడల్లుడు విజయనగరం శివార్లలో ఒక కొండ కింద 200 గజాల ప్లాటు కొన్నాడు. బ్రోచరు నిండా పచ్చటి కొండ. సైటు చూడ్డానికి నన్నూ తీసుకెళ్ళాడు. ఆర్చి, సిమెంటు రోడ్లు, వరసగా పామ్ మొక్కలు. కొండ మీంచి వచ్చే గెడ్డ ప్రహరీ దగ్గరికి వచ్చి, మూడడుగుల సిమెంటు కాలవలో దూరింది. పోయిన తుపానులో ఆ కాలవ చాలక నీళ్ళు గోడ కూల్చుకుని పోయాయట, గోడ మళ్ళీ కట్టారు. అవతల చెరువులోకి మాత్రం నీళ్ళు రావడం లేదని కింద ఊరి వాళ్ళ గోల.

గేటు బయట మేకల కాపరి ఒకాయన చుట్ట కాల్చుకుంటున్నాడు. మేకలు కొండెక్కడం లేదా అని అడిగాను.

"ఎక్కడెక్కుతాయి బాబూ, గేటేసేసినారు కదా. చుట్టూ తిరిగెల్తే మైలు."

"పైన మేత బాగానే ఉన్నట్టుంది?"

"పైనేటుంది? బండలు. మేకలు కిందే మేస్తాయి. మద్దేనం ఎండకి పైకెల్లి నీడన పడుకుంటాయంతే. ఇప్పుడు పడకుంది, కూడు నేదు."

నేను మ్యాపు చూసి ఇంతసేపు చెప్పుకొచ్చింది ఆయన చుట్ట ఆరకుండానే తేల్చేశాడు.

ఆ నేల అమ్మిన రైతుల్లో ఒకాయన మా తోడల్లుడికి తెలిసినవాడే. ఆయనతో మాట్లాడాక నా వాదంలో బీటలు పడ్డాయి. ఆయన గరువులో ఒకప్పుడు చోడి, ఉలవ, గోగు వేసేవారు. గోగునారకి జూట్ మిల్లులు ఉన్నన్నాళ్ళు ధర ఉండేది, తర్వాత అదీ పోయింది. అడవిపందులు మొక్కజొన్న తొక్కేస్తే కాపలాకి మనిషి దొరకడు. నీలగిరి పెట్టాడు, నాలుగేళ్ళకోసారి కోత, చేతికొచ్చేది అంతంత మాత్రం. కూతురి పెళ్ళి, కొడుకు బీటెక్. ప్లాట్ల వాళ్ళు ఇచ్చిన డబ్బు ఆ గరువు మూడు తరాలు పండించినా రాదు. "కొండ మీకు కావాలి, మీరంతా కలిపి కొనుక్కోండి" అన్నాడు నవ్వుతూ. ఆ మాటకి నా దగ్గర అప్పుడూ జవాబు లేదు, ఇప్పుడూ పూర్తిగా లేదు.

పేదల ఇళ్ళ స్థలాలదీ ఇదే చిక్కు. 2020 డిసెంబరులో రాష్ట్రమంతటా పట్టాలిచ్చారు, విజయనగరం దగ్గర మన గుంకలాంలో అయితే ఒక్కచోటే వేల ప్లాట్లు. ప్రభుత్వానికి చేతిలో ఉన్నది పోరంబోకు, ఊరి మధ్యలో అది మిగల్లేదు. కాబట్టి చాలాచోట్ల వెతుకులాట ఊరవతలికీ, కొండ దిక్కుకీ పోతుంది. ఇల్లు లేనివాడికి స్థలం ఇవ్వొద్దని కడుపు నిండిన నాలాంటి వాడు రాయడం ఏం బావుంటుంది?

ఇంకో మాట, పక్కదారే అనుకోండి. ఏటా విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవానికి చింతమాను కావాలి, నిటారుగా ఎదిగినది. కొండ మీది బండల్లో అలాంటి మాను ఎదగదు. తోటల్లో, గరువు గట్ల మీదే దొరుకుతుంది. అమ్మవారు కలలో చెట్టు చూపిస్తుందని మన నమ్మకం. చూపించడానికి చెట్టంటూ ఉండాలి.

పచ్చనివన్నీ అడవి కాదు

ప్రభుత్వ లెక్కల్లో అడవి తగ్గలేదు, పెరిగింది అని ఎవరో ఒకరు ఎప్పుడూ అంటూనే ఉంటారు. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా లెక్క ఎలా కడుతుందో చూడాలి. హెక్టారుకి మించిన నేలలో పది శాతం పైన చెట్ల నీడ ఉంటే చాలు, ఏ చెట్టని గానీ, ఎవరి భూమని గానీ అడగరు. జీడితోట అడవే. నీలగిరి అడవే. పై నుంచి చూసే కెమెరాకి అలాగే కనిపిస్తుంది మరి.

ఇక్కడ నాకే ఒక సందేహం. జీడితోటని తక్కువ చేసి మాట్లాడుతున్నానా? సీతంపేట కొండల్లో సవరలు, జాతాపులు జీడీ అనాసా పండించుకుంటున్నారు. తోటలో అడుగున తుప్పలుంటాయి, చీపురు గడ్డి ఉంటుంది, ఎలుగూ దిగుతుంది. కలగలుపు అడవికి అది సాటి రాదు, ప్లాటుకంటే మాత్రం వంద రెట్లు నయం. అలాగే కొండపోడు. కొండలు పోతున్నాయనగానే మైదానం మనుషులు ముందు పోడు కొట్టే గిరిజనుల్నే చూపిస్తారు. పోడు కొట్టిన నేల వదిలేస్తే కొన్నేళ్ళకి తుప్ప లేస్తుంది. సిమెంటు రోడ్డు మీద ఏం లేస్తుంది? చోడిచేను, జీడితోట, పోడు, ఇవన్నీ కొండతో ఎంతో కొంత సర్దుకునే వాడకాలు. మ్యాపు పట్టికలో వీటన్నిటినీ "వ్యవసాయం" అని ఒక్క గడిలో పడేసి ఒకే మార్కు వెయ్యడం వల్ల, అవి పోయి లేఅవుట్ వచ్చినప్పుడు మ్యాపులో పడే తేడా చాలా చిన్నదిగా కనిపిస్తుంది. నిజానికి అక్కడే అంతా అయిపోయింది.

మరి ఏం చెయ్యాలంటే

గరువు అమ్మొద్దని రైతుని ఆపలేం, ఆపకూడదు కూడా. కానీ ఆ గరువుకి ప్లాటు రేటు ఎప్పుడొచ్చిందో గమనించండి. మా చుట్టుపక్కల నేను చూసిన వరస ఇదీ: ముందు కొండ పోరంబోకులో గ్రావెల్ లీజు వస్తుంది. టిప్పర్లు తిరగడానికి దారి వేస్తారు. తవ్వకం అయిపోతుంది, దారి మిగులుతుంది. ఏడాదో రెండేళ్ళో గడిచాక ఆ దారికి అటూ ఇటూ రాళ్ళు పాతుతారు. దారి లేని గరువుని ప్లాట్ల వాడు కన్నెత్తి చూడడు. అంటే మొదటి తలుపు ప్రభుత్వం చేతిలోనే ఉంది. రైతు భూమి ముట్టుకోకుండానే, ఎవరి ఆస్తీ ధర తగ్గించకుండానే, ప్రభుత్వ నేలలో గ్రావెల్ ఆపితే సగం పని అవుతుంది.

దానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. రికార్డులో పేరేదైనా, భూమి ఎవరిదైనా, అడవిలా ఉన్నది అడవే అని సుప్రీంకోర్టు 1996 డిసెంబరులోనే గోదావర్మన్ కేసులో చెప్పింది. అయిదు హెక్టార్ల లోపు చిన్న లీజులకి కూడా పర్యావరణ అనుమతి ఉండాలని 2012లో చెప్పింది. వీఎంఆర్‌డీఏ, బుడా, సుడా లాంటి పట్టణాభివృద్ధి సంస్థల మాస్టర్ ప్లాన్లలో గెడ్డని సిమెంటు కాలవ చేయకుండా, పుట్టిన చోటు నుంచి చెరువు దాకా తెరిచి ఉంచాలని గీత గీస్తే, ఆ గీత వెంటే జీవాల దారీ మిగులుతుంది. ఇక గరువుని గరువుగా ఉంచుకునే రైతుకి ఏడాదికింత అని ఇవ్వడానికి డబ్బెక్కడిదంటే, ఖనిజాల మీద వసూలు చేసి జిల్లా మినరల్ ఫౌండేషన్లో వేస్తున్న నిధి ఉంది. తవ్వకం వల్ల నష్టపోయే చోట్ల కోసం పెట్టిందే. ప్లాటు రేటుకి అది ఏ మూలకీ రాదని నాకు తెలుసు. రాకపోయినా, ఏటా చేతిలో ఏదో పడుతుంటే "ఈ ఏడు చూద్దాం" అని ఆగే రైతులుంటారు.

మరి రోడ్లకి మట్టో? ఈ ప్రశ్న మా పంచాయతీలోనే వచ్చింది. ఊరి కొండకి అవతలి వైపు గ్రావెల్ లీజు అడిగారు, పంచాయతీ అభిప్రాయం కావాలి. సర్పంచి మంచివాడే. "బాబాయ్, రేపు మన ఊరి రోడ్డుకి గ్రావెల్ నువ్విస్తావా?" అన్నాడు. నేను బూడిద అన్నాను. పరవాడ దగ్గర సింహాద్రి థర్మల్ కేంద్రం బూడిద గుట్టలు గుట్టలుగా ఉంది. బొగ్గు విద్యుత్ కేంద్రానికి 300 కిలోమీటర్ల లోపు వేసే రోడ్డు కట్టలకి బూడిద వాడి తీరాలని 2021 డిసెంబరు 31 నాటి కేంద్ర నోటిఫికేషనే చెబుతోంది. మన రెండు జిల్లాలూ ఆ దూరం లోపలే ఉన్నాయి. లేఅవుట్లు మెరక చెయ్యడానికైతే చెరువుల పూడిక మట్టి చాలు, పూడిక తీసినట్టూ ఉంటుంది. కాంట్రాక్టరు ఒప్పుకోడు, కొండ పక్కనే ఉండగా అంత దూరం నుంచి బూడిద తెస్తే డీజిలుకి ఎవడిస్తాడంటాడు. వాడి లెక్క వాడికి సరైనదే. గ్రావెల్ సీనరేజి (తవ్వినందుకు ప్రభుత్వానికి కట్టే రుసుము) అంత తక్కువ ఉన్నన్నాళ్ళూ అదే సరైనదవుతుంది. అందుకని కొండ పాదం నుంచి తవ్వే గ్రావెల్ మీద సీనరేజి, బూడిద రవాణా ఖర్చుకి సమానమయ్యే దాకా పెంచమని అడగాలని నా ఉద్దేశం.

తీర్మానం వచ్చే గ్రామసభకి వాయిదా వేశారు. ఆ రోజు మాటలతో వెళ్తే ఎవరూ వినరు, టన్నుకి ఎంతవుతుందో కాగితం మీద ఉండాలి. పరవాడ నుంచి గజపతినగరం వైపు టిప్పరు కిరాయి ఎంతో, బూడిద లోడు ఊరికే ఇస్తున్నారో ఛార్జి చేస్తున్నారో కనుక్కుంటున్నాను. రోడ్డు పనుల్లో ఉన్నవాళ్ళెవరైనా ఇది చదివితే, ఈమధ్య రేట్లు చెప్పి పుణ్యం కట్టుకోండి.